ముత్యాలయ్య చూసింది

మైపాడుకు దక్షిణాన ఉన్న ఆ పట్టపు జాలర్ల పాలెంలో ముత్యాలయ్యకు సొంత పడవ లేదు, సొంత వల లేదు. ఆయన పని చూడటం. పాలెమంతా కలిసి లాగే అలివి వలను పడవలో తీసుకుపోయి, సముద్రంలో వంపుగా పరిచి, రెండు కొసలూ ఒడ్డుకు తెచ్చి నలభై మంది లాగుతారు. అయితే ఎప్పుడు వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో పడవలో ఉన్నవాళ్ళకు తెలియదు. ఒడ్డున ఇసుక దిబ్బ మీద నిలబడి నీళ్ళ రంగు చూసేవాడికే తెలుస్తుంది. చేపల గుంపు కదిలే చోట నీళ్ళు కాస్త ముదురు రంగుకు తిరుగుతాయి. పైన సన్నగా గగుర్పొడిచినట్టు అవుతాయి. అది కనిపించగానే ముత్యాలయ్య తలగుడ్డ విప్పి ఊపేవాడు. ఆయన ఎటు ఊపితే పడవ అటు తిరిగేది. అరవై ఒకటో ఏట కూడా ఆ దిబ్బ మీద ఆయన చోటుకు ఎవరూ పోటీ రాలేదు.

మార్చి నెలలో ఒకరోజు పదకొండు గంటల వేళ ఆయన ఆ దిబ్బ మీదే ఉన్నాడు. ఆయన చెల్లెలి కొడుకు పెంచల్ చిన్న ఫైబర్ పడవలో ఒక్కడే పోయి, ముందురోజు వేసిన వల చూసుకుంటున్నాడు. ఒడ్డుకు కిలోమీటరున్నర దూరం ఉంటుంది. ఉత్తరం నుంచి తెల్ల లాంచి ఒకటి వేగంగా వచ్చింది. అక్కడ జెట్టీ కట్టాలని సముద్రం లోతులు కొలుస్తున్న కంపెనీ లాంచి అది. రెండు నెలలుగా తిరుగుతోంది. అది నేరుగా పెంచల్ పడవ మీదికి పోవడం ముత్యాలయ్య చూశాడు. తలగుడ్డ ఊపాడు. గొంతు పోయేలా అరిచాడు. లాంచి పడవను తొక్కుకుంటూ దాటి, ఆగకుండా దక్షిణానికి వెళ్ళిపోయింది.

పెంచల్ శవం మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. పెళ్ళయి రెండేళ్ళు. భార్య వినీల పక్క ఊరి కాలేజీలో ఇంటర్ దాకా చదివిన పిల్ల.

తమ లాంచి ఆ వేళకు పడవకు చాలా అవతల, లోతు నీళ్ళలో పోయిందని కంపెనీ వాళ్ళు చెప్పారు. అల తగిలి పడవ బోల్తా పడి ఉంటుందన్నారు. లాంచి దారిని గుర్తుపెట్టే పరికరం సరిగ్గా ఆ రోజే పని చెయ్యలేదన్నారు. పెంచల్ పడవ దొరకలేదు. చూసిన మనిషి ఒక్కడే. విచారణకు ఒక అధికారిని వేశారు.

జడ్సన్ ఇందులోకి వచ్చింది అప్పుడే.

ఆయన నెల్లూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పడానికి చేరినవాడు. ఇప్పుడు నలభై ఏడేళ్ళు. తత్వశాస్త్రం తీసుకునే పిల్లలు లేక ఆ సబ్జెక్టు మూసేసి ఎనిమిదేళ్ళయింది. అప్పటి నుంచి పోటీ పరీక్షలకు పోయేవాళ్ళకు రీజనింగు చెబుతున్నాడు. ఉద్యోగం పర్మనెంటు కాదు. ప్రతి జూన్‌లోనూ కాలేజీ వాళ్ళు కొత్త నియామక కాగితం ఇవ్వాలి. ఇస్తారో లేదోనని ప్రతి మే నెలా ఆయనకు జ్వరం వచ్చినట్టు ఉండేది.

అయినా ఆయన దగ్గర ఒకటి ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట డాక్టరేటు కోసం రాసిన గ్రంథం. అందులో ఉన్నది ఒకే ఒక్క వాదన. నీళ్ళలో ముంచిన కర్ర వంగినట్టు కనిపిస్తుంది. కర్ర నిజానికి వంగలేదు. అయితే కంటికి కనిపించిన ఆ వంగినది ఏమిటి? అది మన మనసులోని బొమ్మ అయి ఉండాలి. కనుక మనం ఎప్పుడూ చూసేది బొమ్మలనే, లోకాన్ని కాదు. ఇలా చెప్పినవాళ్ళు చాలామంది. జడ్సన్ దాన్ని ఒప్పుకోలేదు. మనం చూసేది కర్రనే, నీళ్ళలో ఉన్న తిన్నటి కర్ర అలాగే కనిపించాలి, భ్రమలు ఎన్ని ఉన్నా మనిషికీ లోకానికీ మధ్య తెర లేదు అని మూడు వందల పేజీలు రాశాడు. న్యాయ దర్శనం చెప్పిన పాత నైయాయికుల మాటల్లో కూడా తన మాటకు బలం వెతికాడు. అప్పట్లో ఆ పేజీలన్నీ టైపు చేసింది ఆయన భార్య ఎవాంజెలిన్. తరువాత ఎవరూ చదవలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో కాలేజీ కరస్పాండెంట్ నరేంద్రబాబు ఆయన్ని తన గదికి పిలిచాడు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి, ఆ రోజు కూర్చోమన్నాడు.

"జడ్సన్ గారూ, కంటికి కనపడేదంతా నిజం కాదని మీ ఫిలాసఫీలో ఒక పెద్ద చాప్టర్ ఉందంట గదా?"

"ఉంది సార్. దాన్ని కాదన్నవాళ్ళు కూడా ఉన్నారు."

"కాదన్నవాళ్ళ సంగతి మనకొద్దు. మా బావమరిది ఒక కంపెనీకి లీగల్ అడ్వైజరు. ఆ మైపాడు పక్కన పడవ కేసు. ముసిలాయన దూరం నుంచి ఏదో చూసినానంటున్నాడు. ఎండలో, ఆవిరిలో, అంత దూరంలో కన్ను ఎట్లా పొరబడుతుందో ఒక నిపుణుడి అభిప్రాయం కావాలంట. అబద్ధం రాయమని ఎవరూ అడగడం లేదు. పుస్తకాల్లో ఉన్నదే రాయండి."

నరేంద్రబాబు బల్ల మీది కాగితాలు సర్దుతూ, వచ్చే ఏడు ఫిలాసఫీ మళ్ళీ తెరిచే ఆలోచన ఉందని, ఈసారి పోస్టు పర్మనెంటుగానే వెయ్యాలని కమిటీలో అనుకుంటున్నామని చెప్పాడు. రెండు సంగతులకూ సంబంధం ఉన్నట్టు ఆయన అనలేదు.

"ముందు ఆ మనిషిని చూసి వస్తాను సార్" అన్నాడు జడ్సన్.

"చూడండి. ఇంకా మంచిది."

మర్నాడు ఆయన మైపాడు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పాలెం చేరాడు. ముత్యాలయ్య దిబ్బ మీద తాటాకు పందిరి నీడన కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. ఎండకు చిట్లించి చిట్లించి కళ్ళ చుట్టూ చర్మం ముడతలు పడిపోయింది.

"నేను కాలేజీలో పాఠాలు చెప్తాను పెద్దాయనా. కంటికి ఏది ఎట్లా కనపడుతుందనేదే నా చదువు. మీరు చూసింది తెలుసుకుందామని వచ్చినాను" అన్నాడు జడ్సన్. ఎవరు పంపారో చెప్పలేదు. అడిగి ఉంటే చెప్పేవాడినని తరువాత తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. ముత్యాలయ్య అడగలేదు. తన మాట వినడానికి నెల్లూరు నుంచి ఒక చదువుకున్న మనిషి వచ్చాడన్న సంతోషంలో ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఎండెక్కినాక దూరాన ఉన్న పడవలు నీళ్ళ మీద కాకుండా గాల్లో తేలుతున్నట్టు కనపడతాయంట, నిజమేనా?" అని అడిగాడు జడ్సన్.

"నిజమే సార్. ఒక్కోపారి తలకిందలుగా గూడా కనపడతాయి."

"అప్పుడు మీరు చూస్తున్నది ఏంది? పడవనా, ఇంకేదైనానా?"

ముత్యాలయ్య ఆయన వైపు వింతగా చూశాడు. "పడవనే. గాల్లో ఉన్నట్టు కనపడేది పడవ గాకపోతే ఇంకేంది? ఆ ఎండకి అది అట్నే కనపడాల. అట్ట కనపడకపోతేనే నాకు అనుమానం."

జడ్సన్ చేతిలో కలం ఆగింది. ఈ మాట చెప్పడానికి తనకు ఒక అధ్యాయం పట్టింది.

"ఆ మాటకొస్తే నీళ్ళలో చేప గూడా ఉన్న చోట కనపడదు సార్" అని ముత్యాలయ్య అందుకున్నాడు. "రవ్వంత పైన కనపడతాది. అందుకే ఈటెని కిందికి ఏస్తాం. పిలకాయలకి రెండు దినాల్లో పట్టుబడతాది ఆ పని. కళ్ళు మోసం చేస్తే రెండు దినాల్లో ఎట్ట నేర్చుకుంటారు చెప్పండి? మోసం చేసేవోడు దినానికొక తీరుగా చేస్తాడు. నీళ్ళు ఎప్పుడూ ఒకే తీరుగా చూపిస్తాయి."

జడ్సన్‌కు ఒళ్ళు పులకరించింది. పద్దెనిమిదేళ్ళలో తన గ్రంథాన్ని అర్థం చేసుకున్న మొదటి మనిషి ఈయనే అనిపించింది. ఎందుకు వచ్చాడో కాసేపు మరిచిపోయాడు. ఒక స్నేహితుడితో మాట్లాడినట్టు అడుగుతూ పోయాడు. ముత్యాలయ్య కూడా ఒక స్నేహితుడికి చెప్పినట్టే చెప్పాడు.

"మీరు ఎప్పుడూ పొరపడలేదా?"

"ఎందుకు పడను? మేఘం నీడ చూసి గుంపనుకోని ఊపినా. పదిపార్లు ఊపితే ఒకపారి వల ఖాళీగా వస్తాది. ఆ పొద్దు రమణయ్య తిట్టే తిట్లు మీరు వినాల." రమణయ్య ఆ వలకు పెద్ద. ముత్యాలయ్య నవ్వాడు. మేనల్లుడు పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి అని కొంచెం దూరంలో నిలబడ్డ వినీల ముఖం చూస్తే తెలిసింది.

"పెంచల్ పోయిన పొద్దు మీరు చూసింది కూడా అట్లాంటి పొరపాటు అయ్యుండదు గదా? లాంచి పడవకు అవతలి నుంచి పోయి, మీకు దాని మీద పోయినట్టు కనపడి ఉంటుందని వాళ్ళు అంటున్నారు."

"అవతలి నుంచి పోతే ఇవతలున్న పడవ నాకు కనపడతానే ఉండాల గదా సార్. కనపడకుండా పోయిందే. లాంచి దాటినాక ఆడ ఏం లేదు. పడవ లేదు, నా బిడ్డ లేడు."

జడ్సన్ అన్నీ రాసుకున్నాడు. వినీల ఇచ్చిన మజ్జిగ తాగి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాడు.

రిపోర్టు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు. నీళ్ళలో కర్ర, తాడులో పాము, ముత్యపు చిప్పలో వెండి, ఎండకు గాల్లోకి లేచే పడవలు, అన్నీ వచ్చాయి. భ్రమలో ఉన్నవాడికి తాను భ్రమలో ఉన్నట్టు తెలియదని, లోపలి నుంచి చూస్తే నిజంగా చూడటానికీ చూసినట్టు అనిపించడానికీ తేడా కనిపెట్టలేమని, కనుక సాక్షికి ఎంత గట్టి నమ్మకం ఉన్నా అది సంగతి జరిగిందనడానికి రుజువు కాదని రాశాడు. దూరాన ఉన్న పడవలు తలకిందులుగా కూడా కనిపిస్తాయనీ, పదిసార్లలో ఒకసారి తన చూపు తప్పుతుందనీ సాక్షి తానే ఒప్పుకున్నాడని ఏడో పేజీలో చేర్చాడు. ఇవతలి పడవ కనిపించకుండా పోయిందన్న మాట మాత్రం ఏ పేజీలోనూ రాలేదు. అది తత్వశాస్త్రానికి సంబంధించిన విషయం కాదు అనుకున్నాడు.

ఎవాంజెలిన్ తాను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి, బల్ల మీద ఉన్న ఆ పేజీలు చదివింది.

"ఇది మీరు రాసిందేనా?"

"ఆఁ."

"మీ గ్రంథంలో మూడో అధ్యాయమంతా ఈ వాదన తప్పని చెప్పడమే గదా. నేనే టైపు చేసినాను. 'నిద్రపోతున్నవాడికి తాను నిద్రపోతున్నట్టు తెలియదు, అంతమాత్రాన మేలుకున్నవాడికి తాను మేలుకున్నట్టు తెలియదని కాదు.' ఆ వాక్యం నాకింకా గుర్తుంది."

"ఈ తొమ్మిది పేజీల్లో ఒక్క అబద్ధం చూపించు" అన్నాడు జడ్సన్.

ఆమె కాగితాలు తిరిగి బల్ల మీద పెట్టింది. "ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదండీ. అందుకే భయంగా ఉంది" అంది. ఆ వారం నుంచి ఇంట్లో సాయంత్రం ప్రార్థన చెయ్యమని ఆమె ఆయన్ని అడగలేదు. తానే చేసింది.

మే నెలలో నెల్లూరులోనే ఒక ఆఫీసు హాల్లో విచారణ జరిగింది. ముత్యాలయ్య తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పక్కన వినీల. మొదటి వరసలో కూర్చున్న జడ్సన్‌ను చూసి, ముత్యాలయ్య ముఖం విప్పారింది. తన తరఫున మాట్లాడటానికి వచ్చాడనుకుని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. జడ్సన్ కూడా చేతులు జోడించాడు. వేరే ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు.

కంపెనీ వకీలు రిపోర్టు చదివి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు. ఏడో పేజీకి వచ్చేసరికి ముత్యాలయ్యకు సంగతి అర్థమైంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూశాడు.

విచారణాధికారి చెడ్డ మనిషి కాడు. మెల్లగానే అడిగాడు. "పదిసార్లలో ఒకసారి పొరపడతానని ఈయనతో మీరు చెప్పినారా?"

"చెప్పినా సార్."

"అట్లా పొరపడినప్పుడు, ఇది పొరపాటు అని మీకు ఆ క్షణంలో తెలుస్తుందా?"

"తెలిస్తే ఊపను గదా సార్. గుంపు ఉన్నట్టే ఉంటాది."

"మరి ఆ రోజు చూసింది పొరపాటు కాదని ఎట్లా చెప్పగలరు?"

"చూసినా సార్" అన్నాడు ముత్యాలయ్య. "లాంచి దాటినాక పడవ లేదు."

"ఆ సమయానికే అల తగిలి బోల్తా పడిందని వాళ్ళంటున్నారు" అని అధికారి జడ్సన్ వైపు తిరిగాడు. "మీరేమంటారు? చూసినవాడు తనంత తాను తేడా కనిపెట్టలేడంటారా?"

నిద్రపోయేవాడి వాక్యం జడ్సన్ నాలుక చివర ఉంది. అది ఒక్కటి చెబితే చాలు. పొరపడినప్పుడు తెలియకపోవడం వేరు, సరిగ్గా చూసినప్పుడు చూడటం వేరు, మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యలేమని రెండు నిమిషాల్లో చెప్పగలడు. మూడో వరసలో నరేంద్రబాబు బావమరిది కూర్చుని ఉన్నాడు.

"కనిపెట్టలేడు సార్" అన్నాడు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. సాక్షి నిజాయితీని శంకించడం లేదు, అయితే నిపుణుడి అభిప్రాయాన్ని బట్టి, సాక్షి ఒప్పుకోలును బట్టి ఆయన చూపును ఆధారం చేసుకోలేము, పడవ అల వల్ల బోల్తా పడిందని భావిస్తున్నాము అని అందులో ఉంది. జూన్‌లో జడ్సన్ ఉద్యోగం పర్మనెంటయింది. తత్వశాస్త్రం మళ్ళీ తెరిచారు. ఇరవై ఇద్దరు పిల్లలు చేరారు.

ఎనిమిదేళ్ళుగా ఆయన కోరుకున్న తరగతి అది. ఆగస్టులో ఇంద్రియ జ్ఞానం పాఠానికి వచ్చాడు. గాజు గ్లాసులో పెన్సిలు ముంచి చూపించి, భ్రమ నుంచి పుట్టే వాదనంతా నల్లబల్ల మీద రాశాడు. పిల్లలు ఆసక్తిగా విన్నారు. ముందు బెంచీలోని అమ్మాయి లేచి, "అయితే సార్, మనం దేన్నీ నిజంగా చూడటం లేదా? దీనికి జవాబు లేదా?" అని అడిగింది.

"ఉంది" అన్నాడు జడ్సన్. సుద్దముక్క చేతిలో పట్టుకుని బల్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ జవాబు మొదటి మాట రాయబోతే, హాల్లో తనకు దణ్ణం పెట్టిన రెండు చేతులు కనిపించాయి. జవాబు వచ్చే వారం చెబుతానని తరగతి వదిలేశాడు. వచ్చే వారం తరువాతి పాఠం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాకుండా అటే బస్సెక్కాడు. పాలెంలో దిబ్బ మీద వేరే మనిషి నిలబడి ఉన్నాడు. ముత్యాలయ్య ఇంటి ముందు కూర్చుని చిరిగిన వలకు ముళ్ళు వేస్తున్నాడు. జడ్సన్‌ను చూసి లేవలేదు, తిట్టలేదు.

"దిబ్బ మీదికి పోవడం లేదా?" అని అడిగాడు జడ్సన్.

"పోయినా సార్. ఆ కాయితం వచ్చినాక గూడా రమణయ్య నన్నే పొమ్మన్నాడు. వాళ్ళ మాట మనకేందిలే అన్నాడు." ముత్యాలయ్య ముడి బిగించి దారం కొరికాడు. "నాకే చేత గాలేదు. గుంపు కనపడతాది. తలగుడ్డ మీద చెయ్యేస్తా. ఇది గుంపా, నీడా అనిపిస్తాది. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అట్ట అనుకోలా. సరే, ఇంకొంచెం చూద్దాం అని నిలబడతా. గుంపు ఆగదు గదా, పోతాది. మూడుపార్లు అట్టే పోయినాయి. నలభై మంది పొట్ట మీద కొట్టినట్టయింది. రమణయ్య ఏం అనలా. నేనే దిగొచ్చేసినా."

జడ్సన్ ఇసుకలో ఆయన ఎదురుగా కూర్చున్నాడు. "ముత్యాలయ్యా, మీరు చూసింది నిజం. ఆ పొద్దు మీరు చూసింది చూసినట్టే జరిగింది. నేను రాసిన దాంట్లో బలం లేదు. దానికి జవాబు నాకప్పుడే తెలుసు."

"ఈ మాట నాకెందుకు సార్?" అన్నాడు ముత్యాలయ్య. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను చూసినా గదా. చూడనోళ్ళకి చెప్పండి."

చెబుతానని మాటిచ్చి జడ్సన్ తిరిగి వచ్చాడు. ఉత్తరం రాయడానికి మళ్ళీ నాలుగు రోజులు పట్టింది. చాలా మర్యాదగా రాశాడు. మరింత లోతుగా ఆలోచించిన మీదట, తాను ఏప్రిల్‌లో ఇచ్చిన అభిప్రాయం పొరపాటని తేలిందని, అప్పుడప్పుడు పొరపడే మనిషి కూడా మిగతా వేళల్లో లోకాన్ని నేరుగానే చూస్తాడని, కనుక సాక్షి మాటను మళ్ళీ పరిశీలించవలసిందని కోరాడు. కాలేజీ పేరు పెట్టలేదు. ఎవాంజెలిన్‌కు చూపించాడు. ఆమె రెండుసార్లు చదివి, "పంపండి" అంది, అంతే.

జవాబు నవంబరులో వచ్చింది. పాత అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన తరఫున ఎవరో గుమాస్తా రాసిన ఆరు వాక్యాలు. తన మునుపటి అభిప్రాయం పొరపాటని నిపుణుడే చెబుతున్నాడు. పొరపడిన సమయంలో అది పొరపాటని ఆయనకు తెలియలేదు. ఇప్పటి అభిప్రాయం కూడా అటువంటిది కాదనడానికి ఆధారం లేదు. కనుక ఉత్తర్వును మార్చవలసిన అవసరం కనబడటం లేదు.

జడ్సన్ ఆ కాగితం జేబులో పెట్టుకుని పాలెం వెళ్ళాడు. తుఫాను వచ్చి పోయిన వారం. సముద్రం ఇంకా మట్టి రంగులో ఉంది. పడవలన్నీ ఒడ్డుకు లాగి కట్టేసి ఉన్నాయి. ముత్యాలయ్య ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద వినీల చేపలు ఎండబెట్టే చాపలు దులుపుతోంది.

"మామ ఈడ లేడు" అంది ఆయన అడగకముందే. "అల్లూరు పక్కన రొయ్యల గుంటల కాడ కాపలాకి పోయినాడు. మేత ఏసే చోట కూర్చోవాల, అంతే. చూసి చెప్పే పని గాదు, అదైతే చేస్తానని పోయినాడు."

జడ్సన్ తన ఉత్తరం నకలూ, వచ్చిన జవాబూ ఆమెకు ఇచ్చాడు. ఆమె చేతులు చీరకొంగుకు తుడుచుకుని రెండూ చదివింది. ఆయన్ని కూర్చోమనలేదు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ, ఒక మాట దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి పోయి చదివింది.

"సార్, ఒకటి అడుగుతా. మొదట రాసినారే, ఆ తొమ్మిది పేజీలు. అది తప్పని మీకు రాసేటప్పుడు తెలవదా, తెలుసునా?"

జడ్సన్ సముద్రం వైపు చూశాడు. "తెలుసు" అన్నాడు.

"తెలిసి రాసినారా?"

"తెలిసే రాసినాను."

"ఐతే పొరపాటు యాడుంది?" ఆమె వేలు కాగితం మీద ఆ మాట కింద ఆనింది. "పొరపాటు మామది. నీడని చూసి గుంపనుకున్నాడే, అది పొరపాటు. ఆయన చెప్పుకున్నాడు గూడా. మీరు పొరపడలా. తెలిసి అబద్దం చెప్పినారు. ఈ కాయితంలో అబద్దమని రాయలేదే?"

"అట్లా రాస్తే..." అని జడ్సన్ ఆగిపోయాడు.

"ఉద్యోగం పోతాది" అంది వినీల. "కేసు గూడా పెడతారేమో. పొరపాటని రాస్తే ఏం పోదు. పెద్దపెద్దోళ్ళు గూడా పొరపడతారు, పాపమంటారు." రెండు కాగితాలూ మడిచి ఆయన చేతిలో పెట్టింది. "అబద్దమని రాయండి సార్. ఆ ఒక్క మాట రాస్తే వాళ్ళు కాదనడానికి ఉండదు. చెప్పినోడికే తెలుసు గదా అబద్దం."

మళ్ళీ చాపలు దులపడం మొదలుపెట్టింది. చెప్పవలసింది అయిపోయిందని ఆయనకు అర్థమైంది.

ఆ ఉత్తరం రాయడానికి జడ్సన్ డిసెంబరులో రెండుసార్లు, క్రిస్మస్ సెలవుల్లో ఒకసారి కూర్చున్నాడు. ఆలోచనా లోపం అని రాశాడు, కొట్టేశాడు. పరిస్థితుల ఒత్తిడి అని రాశాడు, అదీ కొట్టేశాడు. కావలసిన మాట ఏమిటో తెలుసు. దాన్ని తెలుగులో రాయడానికి మూడక్షరాలు చాలు. జనవరిలో నరేంద్రబాబు ఆయన్ని తత్వశాస్త్ర విభాగానికి అధిపతిని చేశాడు. ఫిబ్రవరిలో పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది.

మార్చిలో పాలెం పక్కన జెట్టీకి మొదటి రాళ్ళు దింపారు. అలివి వల వేసే చోటు దాని కిందికి పోయింది. జడ్సన్ ఒకరోజు ఆటోలో పాలెం దాకా వెళితే, వినీల పుట్టింటికి పోయిందని, ముత్యాలయ్య గుంటల దగ్గరే ఉంటున్నాడని ఆటో అతను చెప్పాడు. జడ్సన్ ఇంకేమీ అడగలేదు. సరేనని తల ఊపి, వచ్చిన ఆటోలోనే బస్సు దగ్గరికి తిరిగి వెళ్ళాడు.